విరిగినచోట ఎర్రగీత

ఆరువందల ఏళ్ళ కిందట చనిపోయిన ఒక ఇంగ్లీషు దొరసానికి సోమవారం నాడు గురుగ్రామ్‌లో చేతులు మొలిచాయి.

శుక్రవారం సాయంత్రం ప్రవల్లిక కంప్యూటర్ కట్టేసి మెట్రోకి బయల్దేరేటప్పుడు అవి లేవు. మణికట్ల దగ్గర విరిగిన రెండు మొండి కొనలు, వాటి చుట్టూ ఆమె గీసిన ఎర్రగీతలు, అంతే. ఇప్పుడు సదాశివరావు గారి గదిలో, ఆయన తెర మీద, ఆ దొరసాని రెండు అరచేతులూ గుండెల మీద జోడించి హాయిగా పడుకుని ఉంది. వేళ్ళు సన్నగా, పొడుగ్గా, గోళ్ళతో సహా ఉన్నాయి. మణికట్టు చుట్టూ రెండేసి సన్నటి గీతలు కూడా ఉన్నాయి. గౌను చేతి అంచు కాబోలు అనుకుంది ప్రవల్లిక.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు సదాశివరావు గారు.

"నేను గీయలేదండీ."

"కింద పేరు ఎవరిది?"

షీటు మూలన గీసినవారి గడిలో ఆమె పేరే ఉంది.

"ఏటైందో నాకు తెల్దండి," అంది ప్రవల్లిక. మామూలుగా ఆఫీసులో ఆచితూచి మాట్లాడుతుంది గానీ భయం వేస్తే నోట్లోంచి టెక్కలి ఊడిపడుతుంది.

ఆ ఆఫీసులో చేసే పని చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఇంగ్లండ్‌లోని పాత చర్చిల లోపలా బయటా అక్కడివాళ్ళు లేజర్ యంత్రం పెట్టి స్కాన్ చేస్తారు. గోడలు, స్తంభాలు, సమాధులు లక్షలాది చుక్కలుగా మారి గురుగ్రామ్ వస్తాయి. ఇక్కడ కూర్చున్నవాళ్ళు ఆ చుక్కల మీదుగా గీతలు గీసి, కొలతలు వేసి, షీట్లు చేసి తిరిగి పంపుతారు. రాయి పగిలినచోట, విరిగినచోట ఎర్రగీత. ఉన్నది ఉన్నట్టు గీయాలి, అదొక్కటే నియమం.

ఈసారి వచ్చింది థార్న్‌వెల్ అనే పల్లెలోని చర్చి. ప్రవల్లిక ఆ ఊరు చూడలేదు, చూస్తానన్న ఆశా లేదు. కానీ ఆ చర్చిలో కళ్ళు మూసుకుని నడవగలదు. పడమట బరువైన చదరపు బురుజు. దక్షిణాన వాకిలి, దాని రాతి మీద ఎవరో మేకుతో గీరుకున్న ఎండ గడియారం. లోపల రెండు వరసల స్తంభాలు. ఉత్తరం వరస పొట్టిగా గుండ్రంగా ఉంటే, దక్షిణం వరస ఎనిమిది పలకలుగా సన్నగా ఉంటుంది, ఎందుకంటే మధ్యలో తరాలు మారాయి, మేస్త్రీలు మారారు. గోడలోంచి కొన్ని మెట్లు పైకి వెళ్ళి ఏమీ లేనిచోట ఆగిపోతాయి. ఒకప్పుడు అక్కడ చెక్కతో కట్టిన అటక ఉండేదట, మతం మారిన కాలంలో పీకేశారట. తూర్పున పూజాపీఠం ఉన్న భాగం మిగతా చర్చితో సూటిగా కలవకుండా కొంచెం ఉత్తరానికి వాలి ఉంటుంది.

"కట్టినోడు ఫుల్లుగ తాగిండు," అన్నాడు మొదటిరోజే ఉదయ్‌కిరణ్. వరంగల్ కుర్రాడు, ప్రవల్లికతో పాటే ట్రైనీగా చేరాడు, ఆమె పక్క సీటు.

ఆ వాలిన భాగంలోనే దొరా దొరసానుల సమాధి. మెత్తటి తెల్లరాతిలో చెక్కిన ఇద్దరు మనుషులు పక్కపక్కన వెల్లకిలా పడుకుని ఉంటారు. దొర ఇనుప కవచంలో, కాళ్ళ కింద సింహంతో. దొరసాని పొడుగు గౌనులో, పాదాల దగ్గర చిన్న కుక్కతో. సమాధి పక్క పలక మీద వాళ్ళ పిల్లలు వరసగా నిలబడి ఉంటారు. పేర్లు చెక్కిన అంచు అరిగిపోయింది గానీ, తర్వాతి కాలపు బడిపిల్లలు దొర కవచం మీద గీక్కున్న తమ పేర్ల పొడి అక్షరాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

సదాశివరావు గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"పొద్దున వెళ్ళిన ఈ షీటు చూసి ఫిలిప్పా ఏమందో తెలుసా?" ఫిలిప్పా అంటే ఆ చర్చి బాగోగులు చూసే ఆర్కిటెక్ట్, ఇంగ్లండ్‌లో ఉంటుంది. "వచ్చే నెల ఆ సమాధి శుభ్రం చెయ్యడానికి పనివాళ్ళు దిగుతారట. అంతకుముందు ఎలా ఉందో చెప్పడానికి ఈ షీటే సాక్ష్యం. ఇందులో చేతులుండి, పనయ్యాక అక్కడ చేతులు లేకపోతే, విరగ్గొట్టింది ఎవరవుతారు?"

"పనివాళ్ళండీ."

"చేయని పాపం వాళ్ళ మెడకి. ఇంకో షీటు ఇలా వెళ్ళిందంటే పనంతా వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంది. నెలాఖరుకి మీ ఇద్దరిలో ఒకళ్ళనే ఉంచుకుంటానని ముందే చెప్పాను కదమ్మా. నీ పని శుభ్రంగా ఉంటుందని నీవైపే మొగ్గు చూపిస్తున్నాను. ఇప్పుడు ఇదీ."

ప్రవల్లికకి ఇల్లు గుర్తొచ్చింది. ఈ ఉద్యోగం పోతే టెక్కలిలో బాబాయి పనిచేసే గ్రానైట్ క్వారీ ఆఫీసులో ఒక కుర్చీ ఆమె కోసం సిద్ధంగా ఉంది. జిల్లా పరిషత్ బళ్ళో చదివి, పాలిటెక్నిక్ చేసి, ఇంత దూరం వచ్చింది మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవడానికి కాదు.

సదాశివరావు గారు లేచి తలుపు తెరిచారు. బయట కిటికీ పక్క బల్ల జానకమ్మది. ప్రతి షీటూ పంపేముందు ఆఖరిసారి చూసే పని ఆవిడది. ఏదో ప్రభుత్వ శాఖలో ముప్ఫై ఏళ్ళు డ్రాఫ్టింగ్ చేసి రిటైరై, కాంట్రాక్టు మీద ఇక్కడ చేరింది. ఇందిరాపురం నుంచి అందరికంటే ముందు వస్తుంది, అందరికంటే ముందు వెళ్తుంది.

"జానకమ్మగారూ, పొద్దున ఆ తెల్లరాతి సమాధి షీటు చూశారుగా. చేతులున్నాయా దానికి?"

"ఉన్నాయండీ. అన్నీ ఉన్నాయి, చక్కగా ఉంది షీటు," అంది జానకమ్మ, తెరమీంచి తల తిప్పకుండా.

ఆయన తలుపు మూశారు. "విన్నావుగా. పొద్దున ఆవిడ చూసేసరికే ఉన్నాయి. అంటే నువ్వు వెళ్ళాక ఎవడో గీశాడు. ఎవరికీ చెప్పకు. బయటపడిందని తెలిస్తే వాడు జాగ్రత్తపడతాడు."

ఎవడో, వాడు. ఆ మాటలు ప్రవల్లిక చెవిలో పడి అక్కడే ఉండిపోయాయి.

ఫైలు ఎవరు మార్చారో కంప్యూటర్‌నే అడుగుదామంటే లాభం లేదు. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు తక్కువ కాబట్టి అందరికీ కలిపి ఒకటే లాగిన్. ఎవరు సేవ్ చేసినా అదే పేరు పడుతుంది. పైగా జానకమ్మ ప్రతి షీటూ పొద్దున్నే తెరిచి సేవ్ చేస్తుంది కనుక, చివరి సమయం ఎప్పుడూ పొద్దుటిదే ఉంటుంది.

సాయంత్రం ప్రవల్లిక వెళ్ళాక సీట్లో ఉండేది ఉదయ్‌కిరణ్ ఒక్కడే. ఢిల్లీ రాజేంద్రనగర్‌లో అద్దె గది, ఆలస్యంగా బయల్దేరే ఆఫీసు క్యాబ్. ఆమె పోతే ఉద్యోగం మిగిలేది కూడా అతనికే.

మర్నాటి నుంచి ఆమె ఉదయ్‌కిరణ్‌ని గమనించడం మొదలుపెట్టింది. గమనించడం ఆమెకి కొత్త కాదు. చిన్నప్పుడు క్వారీ అంచున కూర్చుని, సమ్మెట దెబ్బకి రాయి ఎటు చీలుతుందో గంటల తరబడి చూసిన పిల్ల. అయితే అప్పుడు రాయి వైపు మాత్రమే చూసేది. ఇప్పుడు చూసే ప్రతిదీ ఒకేవైపు చీలుతోంది. అతను ఆమె వెనకనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగితే, తెర చూస్తున్నాడు. ఆగకుండా వెళ్తే, చూడనట్టు నటిస్తున్నాడు. ఆమె కుర్చీ తిప్పగానే అతను తెరమీద ఏదో టక్కున మూసేస్తాడు. ఇదివరకు కూడా మూసేవాడేమో, ఆమె పట్టించుకోలేదు.

పైగా అతనికి బొమ్మలొచ్చు. పాడైన ప్రింట్ల వెనక పెన్నుతో ఏవేవో గీస్తుంటాడు. బుధవారం అతని బల్లమీద ఒక కాగితం కనిపించింది. నిండా చేతులు. పిడికిళ్ళు, అరచేతులు, వేలు చూపిస్తున్న చెయ్యి.

భోజనాల దగ్గర అతనే కదిలించాడు.

"ఏంది మేడమ్, రెండు దినాల సంది నన్నే చూస్తున్నవ్. నా మొకమేమన్న స్కానింగ్‌ల సరిగ రాలేదా?"

"నేనేం చూడలేదు."

"చూసినా పర్వలేదు గని ఎర్రగీతలు పెట్టకు. ఇంకా పెండ్లిగాలే."

జానకమ్మ పక్కనే కూర్చుని నవ్వింది. "దాన్నేం అనకు ఉదయ్, పిల్ల రెండు రోజులనుంచీ సరిగ్గా తినటం లేదు. ఇదిగో తల్లీ, దోసావకాయ, పెరుగన్నంలో వేసుకో. ఇంటిమీద బెంగా?"

"ఏం లేదు ఆంటీ."

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఎవరికీ చెప్పకు అన్న సదాశివరావు గారి మాట గుర్తొచ్చి మింగేసింది. అదీగాక ఉదయ్ ఎదురుగా ఉన్నాడు, వింటున్నాడు, ముద్ద కలుపుతూ కూడా వింటున్నాడు.

ఆ సాయంత్రానికి ఆమె సమాధి పక్క పలక ముగించింది. అందులో వరసగా నిలబడ్డ పిల్లల్లో చివరి ఇద్దరు ఆడపిల్లలకి మొహాలు లేవు. వెనకటి రోజుల్లో బొమ్మలంటే పడనివాళ్ళు సుత్తులు పట్టుకుని చర్చిల మీద పడ్డారట, అప్పటి దెబ్బలు. దొరసాని పాదాల దగ్గరి కుక్కకి మూతి లేదు. దొర సింహానికి తోక లేదు. నాలుగింటికీ ఎర్రగీతలు పెట్టి, తెరని ఫోనులో ఫొటో తీసుకుని, ఏమీ ఎరగనట్టు సంచీ భుజాన వేసుకుంది.

"జల్ది పోతున్నవ్?" అన్నాడు ఉదయ్.

"మెట్రోలో రద్దీ ఎక్కువవుతుంది."

"పో పో. మీ దొరసానిని నేను చూసుకుంట."

ఆ మాట ద్వారకలో ఆమె ఉండే గది దాకా ఆమెతో వచ్చింది.

పొద్దున్నే షీటు పంపకముందే తెరిచి చూసింది. ఆడపిల్లలిద్దరికీ మొహాలు వచ్చాయి. చిన్న నోళ్ళు, వంచిన కళ్ళు. ఒక పిల్లకి బుగ్గన చొట్ట కూడా ఉంది. కుక్కకి మూతి రాలేదు, సింహానికి తోక రాలేదు.

ఆ తేడా దగ్గర ఆమె కాసేపు ఆగింది. అల్లరికి గీసేవాడు ముందు కుక్కని కదా పట్టుకోవాలి. ఉదయ్ లాంటివాడైతే సింహానికి మీసాలు కూడా పెడతాడు. ఆ ఆలోచన కొంచెంసేపు నిలబడింది. తర్వాత దాన్ని కూడా తనకి కావలసినవైపు తిప్పుకుంది. కుక్కని వదిలేశాడంటే అల్లరి కాదన్నమాట. తెలివిగా, నమ్మేలా చేస్తున్నాడన్నమాట.

ఫొటో పట్టుకుని సదాశివరావు గారి గదిలోకి వెళ్ళింది.

"ఎవరనుకుంటున్నావు?"

ఆమె ఉదయ్ పేరు చెప్పింది. ఆపైన అన్నీ చెప్పింది. తెర మూసేయడం, చేతులు గీసిన కాగితం, మీ దొరసానిని నేను చూసుకుంట అన్న మాట. విడివిడిగా చూస్తే ఒక్కోటీ ఏమీ కాదు. వరసపెట్టి చెబుతుంటే ఆమెకే నిజమనిపించింది.

ఆయన గొడవ చేసే మనిషి కాదు. మధ్యాహ్నానికల్లా ఉదయ్‌ని కింది అంతస్తుకి మార్చేశారు. నోయిడా అపార్టుమెంట్ల డ్రాయింగులకి మనిషి కావాలట, అందరికీ చెప్పింది అంతే. అతన్ని మాత్రం గదిలోకి పిలిచి అసలు కారణం చెప్పి, నెలాఖరు దాకా జీతం ఇస్తాను, ఈలోపు వేరేచోట చూసుకో అన్నారట.

ఆ సంగతి ఉదయే చెప్పాడు. సాయంత్రం ఆమె మెట్రోకి నడుస్తుంటే చాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. గ్లాసు పక్కన పెట్టి ఎదురొచ్చాడు.

"నా మీద చెప్పినవట."

ప్రవల్లిక నడక ఆపింది.

"తెర ఎందుకు మూస్తనో అడిగితే చెప్తుంటి కదా. సివిల్స్ నోట్సు చదువుకుంట. సార్ చూస్తే తిడ్తడని మూస్త. గంతే. ఈ నౌకరి ఉన్నన్ని దినాలే ఢిల్లీల ఉండు, పోయిననాడు ఇంటికొచ్చి పురుగుమందుల దుకాణంల కూసో అన్నడు మా నాయన. ఇగ కూసుంట." అతను గొంతు పెంచలేదు. "ఒక్క మాట అడగకపోతివి. పక్కపక్కన కూసున్నం. రోజూ నా డబ్బాలకెళ్ళి సకినాలు తిన్నవ్."

"మరి ఆ చేతులు?"

"ఏ చేతులు?"

"కాగితం మీద గీశావు కదా."

అతను జేబులోంచి ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. సదాశివరావు గారి కార్టూను. మీటింగులో ఆయన చేతులు ఊపే తీరు, ఆరు చేతులతో, పెద్ద బొజ్జతో. "ఒక్కో చెయ్యి ముందుగాల కాగితం మీద ప్రాక్టీస్ జేసిన. పో, పోయి ఇది గుడ చెప్పు."

అతను వెళ్ళిపోయాడు. అయినా ప్రవల్లికకి నమ్మకం కలగలేదు. దొరికిపోయినవాడు ఇంకెలా మాట్లాడతాడు అనుకుంది. ఆ అనుకోవడంలో బలం మాత్రం తగ్గింది.

చర్చి లోపల ఆఖరున మిగిలింది ఉత్తరం గోడలోని గూడు. దొరసానికంటే పాత విగ్రహం, గరుకు రాయి, ఎవరో విధవరాలని చెబుతారు. గూటి పైన కమాను, కమాను అంచున రాతి ఆకులు. ఆమెకి కూడా చేతులు లేవు. విరిగిన అంచులు నీటిలో నానిన సబ్బులా నున్నబడ్డాయి, అంత పాత దెబ్బ అది. ప్రవల్లిక రెండు రోజులు కూర్చుని గీసింది. ఎర్రగీతలు పెట్టింది. ఈసారి ఫొటో తీయలేదు. పక్క సీటు ఖాళీగా ఉంది, తీయాల్సిన అవసరం ఏముంది.

మర్నాడు వచ్చేసరికి విధవరాలు చేతులు జోడించి ఉంది.

ప్రవల్లిక ఆ షీటు పంపకుండా ఆపింది. ఉదయ్ కింది అంతస్తులో ఉన్నాడు, ఈ ఫైళ్ళు అతని కంప్యూటర్‌లో తెరుచుకోకుండా చేసి వారమైంది. ఆమె ఆ చేతుల్ని దగ్గరికి లాక్కుని పెద్దవి చేసి చూసింది. మొదటిసారి చూసినప్పటిలాగే మణికట్టు చుట్టూ రెండేసి సన్నటి గీతలు. ఈ విగ్రహానికి గౌను చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి. అక్కడ అంచు అనేదే లేదు.

గాజులవి.

ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే కిటికీ పక్క బల్ల కనిపిస్తుంది. ఆ రోజంతా ఆవిడ పిలిచినా పని ఉందని తప్పించుకుంది. ఆవకాయ వేసినవేళ, ఇంటిమీద బెంగా అని అడిగినవేళ ఆ మొహం ఎలా ఉందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. అంతలోనే తన మీద తనకే అనుమానం వేసింది. ఒకసారి ఇలాగే వరసపెట్టుకుంటూ పోయి ఒకణ్ణి కిందికి తోసింది. ఈసారి కళ్ళతో చూడాలి.

మర్నాడు మొదటి మెట్రో రైళ్ళలో ఒకటి పట్టుకుంది. ఆఫీసు తాళం అప్పుడే తీశారు, ఊడ్చే భయ్యా నీళ్ళ బకెట్ పట్టుకుని ఎదురొచ్చాడు. లోపల ఒక్క తెరే వెలుగుతోంది. జానకమ్మ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, మౌసుతో గీస్తోంది. ప్రవల్లిక నిన్న పెట్టిన షీటే. చర్చి బయటి గోడమీద నీళ్ళు ఉమ్మే రాతి తలకాయల్లో ఒకటి ఆడమనిషిది, దానికి చెవి లేదు. జానకమ్మ చెవి గీస్తోంది.

"ఆంటీ."

"అయ్యో, నువ్వా. భయపెట్టావు కదమ్మా. ఇంత పొద్దున్నే వచ్చావేం?"

"ఆ చెవి లేదు ఆంటీ. ఎర్రగీత పెట్టాను కదా."

"చూశాలే. పెట్టి వదిలేశావు." ఆవిడ నవ్వింది. "నేను చూసుకుంటాగా, నీకెందుకు."

"దొరసాని చేతులు కూడా మీరేనా?"

"మరెవరనుకున్నావు? బాగా కుదిరాయి కదూ?"

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ప్రవల్లిక పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎందుకు ఆంటీ?"

"ఎందుకేమిటే? చెక్ చెయ్యడమంటే మరేమిటి? మా డిపార్టుమెంట్‌లో కుర్రాళ్ళు కిటికీ మర్చిపోతే నేనే గీసి పంపేదాన్ని. వాళ్ళకి చెప్పేదాన్ని కూడా కాదు, చిన్నబుచ్చుకుంటారని. నా చేతిలోంచి లోపంతో ఒక్క కాగితం పోలేదు ముప్ఫై ఏళ్ళు." ఆవిడ గొంతు తగ్గించింది. "అదీగాక నీకు పెళ్ళి కావాలి. చేతుల్లేని ఆడమనిషి బొమ్మ, మొహంలేని ఆడపిల్లల బొమ్మ, కింద నీ పేరు. చూస్తూ ఎలా ఊరుకోను? ఇంట్లో పటం అద్దం చిట్లితేనే తీసేస్తాం కదా. కుక్కా సింహం జోలికి నేను పోలేదు. వాటితో మనకేం పని."

ప్రవల్లిక చెప్పింది. ఫిలిప్పా రాసిన మాట, పనివాళ్ళ మీద పడబోయిన నింద, నెలాఖరు, ఉదయ్. చెబుతున్నంతసేపూ జానకమ్మ మౌసు మీంచి చెయ్యి తీయలేదు.

"అచ్ఛా," అంది చివరికి. "మరి ఆ రోజు ఆయన చేతులున్నాయా అనే అడిగాడు గానీ ఇదంతా చెప్పలేదే?"

"నాకూ చెప్పొద్దన్నారు."

"నువ్వైనా అడిగుండాల్సింది." ఆవిడ చెవి గీతని చెరిపేసింది, ఎర్రగీతని మళ్ళీ పెట్టింది. "సరే, తెలిసింది కదా. ఇంకెప్పుడూ ముట్టుకోను, ఒట్టు. ఈ విషయం ఇక్కడితో ఆపెయ్ తల్లీ. నాది ఏడాదికోసారి కాంట్రాక్టు. తెలిస్తే మళ్ళీ రాయరు. ఇంట్లో కోడలు నన్ను పనిలేనిదానిలా చూడటం మొదలుపెడుతుంది."

"ఉదయ్ సంగతేంటి?"

"కుర్రాడు. చదువుకున్నవాడు. వాడికి ఎక్కడైనా దొరుకుతుంది." ఒక్క క్షణం ఆగింది. "వాడు పోతే ఆ ఉద్యోగం నీకే కదమ్మా. నీకు మంచిదే కదా."

ఆవిడ అది ప్రేమగానే అంది. ఆవకాయ వేసినప్పుడు ఉన్న గొంతే. అందుకే ప్రవల్లిక కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఇంతసేపూ ఎదుటిది ప్రేమా, బేరమా అని తేల్చుకోలేక ఆ మొహంలోకే చూస్తూ కూర్చుంది. అక్కడ రెండూ కలిసిపోయి ఉన్నాయి, ఏది ఎక్కడ మొదలైందో గీత గీయడానికి లేదు.

సదాశివరావు గారు వచ్చి కోటు తగిలించేలోపే ఆమె ఆయన గదిలో ఉంది.

"ఉదయ్ కాదండీ."

"నువ్వే కదమ్మా ఉదయ్ అన్నావు?"

"తప్పు చెప్పానండీ. అతన్ని నేను ఒక్కరోజు కూడా గీస్తుండగా చూడలేదు. చూసినట్టే చెప్పాను."

ఆయన ఆమెవైపు చాలాసేపు చూశారు. ఆ చూపు ఆమెకి తెలుసు, తను ఉదయ్‌ని చూసిన చూపే. "మరి ఎవరు? నువ్వేనా?"

అవునంటే ఇక్కడితో అయిపోతుంది. బయట అద్దం అవతల జానకమ్మ లేచి నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఇటే చూస్తోంది. ప్రవల్లికకి ఏడుపొచ్చింది గానీ మాట తడబడలేదు.

"జానకమ్మ ఆంటీ. పొద్దున చూశాను. తప్పని తెలియక చేశారండీ. సరిచెయ్యడమే చెకింగ్ అనుకున్నారు. మనం అడిగుంటే మొదటిరోజే చెప్పేవారు."

మనం అన్న మాట ఆయనకి నచ్చలేదు. కానీ కాదనలేదు.

సాయంత్రానికల్లా విధవరాలి షీటు మొండి కొనలతో, ఎర్రగీతలతో థార్న్‌వెల్ వెళ్ళింది. ఫిలిప్పా బాగుందని ఒక్క ముక్క రాసింది. జానకమ్మకి ఇకనుంచి కిటికీలు, తలుపులు, కప్పుల షీట్లే ఇస్తారు, కాంట్రాక్టు ముగిసేదాకా. ఆవిడ భోజనాల వేళ మార్చుకుంది. నెలాఖరున సదాశివరావు గారు ఉదయ్‌ని పర్మనెంట్ చేశారు. ప్రవల్లికని పిలిచి, నీ గీత మంచిదే, ఇంకో ఆరునెలలు చూస్తానన్నారు. ఆమె తల ఊపి వచ్చేసింది.

ఉదయ్ మళ్ళీ పక్క సీట్లోకి వచ్చాడు. ఆమె క్షమాపణ చెబితే విన్నాడు, ఠీక్ హై అన్నాడు. జోకులు వేయడం కూడా మొదలుపెట్టాడు, కాకపోతే అటువైపు కూర్చునే వాళ్ళతో.

కొత్త చర్చి వచ్చింది. అందులో బాప్తిస్మపు రాతితొట్టి ఉదయ్‌ది, గోడ సమాధులు ప్రవల్లికవి. సాయంత్రం ఆమె సంచీ తీసుకుని లేచేసరికి అతను కూడా ఫోను తీశాడు. తన తెరమీది తొట్టిని పైనుంచి ఒకటి, నాలుగు పక్కలనుంచి నాలుగు, వరసగా ఫొటోలు తీసుకున్నాడు.

"ఎందుకవి?" అంది ప్రవల్లిక.

"ఏం లేదు," అన్నాడు ఉదయ్, ఫోను జేబులో పెట్టుకుంటూ. "నువ్వు పో, మెట్రోల రద్దీ అయితది."

ఆమె లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కి చూసింది. అతను ఇంకా కూర్చునే ఉన్నాడు, ఆమె ఎక్కేదాకా చూస్తున్నాడు.